గోడకు అటూ ఇటూ ఒక ప్రేమకథ



ఉద్యోగం దొరికింది గాని ఉండడానికి గది దొరకలేదని ఇంటికి ఉత్తరం రాసినవాళ్ళు మనలో చాలామందే ఉంటారు. సొంత ఊరు విడిచి పట్నం చేరినవాళ్ళకు మొదటి కష్టం అదే. ఆ కష్టాన్నే కథగా చేసుకుని 1943లో హాలీవుడ్ నుంచి ఒక చక్కని ప్రేమ హాస్యచిత్రం వచ్చింది. పేరు ‘ద మోర్ ద మెరియర్’. ఎంతమంది ఉంటే అంత సందడి అని దాని అర్థం. తీసినది కొలంబియా సంస్థ, దర్శకుడు జార్జ్ స్టీవెన్స్. ఆస్కార్ బహుమతుల్లో దీనితో పోటీపడి గెలిచిన ‘కాసాబ్లాంకా’ పేరు అందరికీ తెలుసు. ఈ సినిమాను తలచుకునేవాళ్ళు మాత్రం తక్కువ.

ముందు ఆనాటి పరిస్థితి చూద్దాం. 1941 డిసెంబరులో అమెరికా రెండో ప్రపంచయుద్ధంలోకి దిగింది. రాజధాని వాషింగ్టన్‌లో ప్రభుత్వ కార్యాలయాలు పెరిగిపోయాయి. టైపిస్టులు, గుమాస్తాలు, సైనికులు నలుమూలల నుంచి వచ్చి చేరారు. మనుషులు పెరిగినంత వేగంగా ఇళ్ళు పెరగవు కదా! గది కోసం జనం వరుసలు కట్టారు.

ఈ సినిమాలో కాన్నీ అనే ఉద్యోగిని దేశానికి తనవంతు సాయంగా తన ఇంట్లో సగం బాడుగకు ఇవ్వాలనుకుంటుంది. ఆమెకు కావలసింది ఆడమనిషి. వచ్చినవాడు డింగిల్ అనే ధనిక వృద్ధుడు. వాకిట్లో నిలబడ్డవాళ్ళందరికీ గది ఎవరో తీసేసుకున్నారని తానే చెప్పి పంపేస్తాడు. తరువాత కాన్నీని మాటలతో ఒప్పించి లోపలికి చేరతాడు.

కాన్నీకి అంతా పద్ధతి ప్రకారం జరగాలి. పొద్దున ఎవరు ఎన్ని గంటలకు లేవాలి, స్నానాలగది ఎవరికి ఎన్ని నిమిషాలు, కాఫీ ఎప్పుడు అని నిమిషాల లెక్కన టైంటేబులు వేసి చేతికిస్తుంది. పాపం, డింగిల్ దాన్ని పాటించబోయి పాలసీసా కోసం బయటికి వెళితే తలుపు మూసుకుపోతుంది. లోపలికి వచ్చాక ప్యాంటు కనిపించదు. స్టీవెన్స్ ఒకప్పుడు లారెల్, హార్డీల పొట్టి హాస్యచిత్రాలకు కెమెరా పట్టినవాడు. ఆ అనుభవం ఈ సన్నివేశంలో కనిపిస్తుంది.

మర్నాడు డింగిల్ ఇంకో పని చేస్తాడు. తన సగంలో సగాన్ని జో అనే యువ సైనికుడికి బాడుగకిస్తాడు. కాన్నీకి ఆ సంగతి చెప్పడు. జో కొద్ది రోజుల్లో ఆఫ్రికాకు యుద్ధం పనిమీద బయలుదేరాలి. కాన్నీకేమో పెండర్‌గాస్ట్ అనే పెద్ద ఉద్యోగితో పెళ్ళి నిశ్చయమై ఉంది. అతడికి ఉద్యోగమే లోకం. ఈ ఇద్దరినీ కలపాలని ముసలాయన పట్టుబడతాడు. కాన్నీగా జీన్ ఆర్థర్, జోగా జోయెల్ మెక్రీ, డింగిల్‌గా చార్లెస్ కోబర్న్ నటించారు. కోబర్న్‌కు ఉత్తమ సహాయనటుడిగా ఆస్కార్ వచ్చింది.

ఇక్కడ ఒక సంగతి చెప్పాలి. 1934 నుంచి హాలీవుడ్‌లో ఒక నియమావళి గట్టిగా అమలయ్యేది. పెళ్ళికాని స్త్రీపురుషులను తెరమీద ఎలా చూపాలి, ఎంతవరకు చూపాలి అన్నదానికి కట్టుబాట్లు ఉండేవి. అలాంటప్పుడు ఒకే ఇంట్లో ఉన్న ఇద్దరి ప్రేమను చెప్పడం ఎలా? స్టీవెన్స్ ఒక గోడను వాడుకున్నాడు. రాత్రి ఎవరి గదిలో వాళ్ళు పడుకుని ఉంటారు. మధ్యలో పలుచని గోడ. కెమెరా రెండు గదులనూ కలిపి ఒకేసారి చూపుతుంది. ఇద్దరూ పక్కపక్కనే ఉన్నట్టు మనకు కనిపిస్తుంది, కాని నియమం తప్పలేదు. గోడకు అటునుంచే జో తన మనసు చెప్పుకుంటాడు. చివరికి అనుకోని చిక్కుల వల్ల ఇద్దరూ హడావుడిగా పెళ్ళి చేసుకుని ఇంటికి వస్తే, డింగిల్ చలవతో ఆ గోడ కాస్తా మాయమై ఉంటుంది!

ఇది నవ్వుల సినిమాయే. అయితే ఆ నవ్వుల కింద ఒక దిగులు ఉంది. జో తిరిగి వస్తాడో రాడో ఎవరికీ తెలియదు. 1943లో ఆ చిత్రం చూసిన ఎన్నో ఇళ్ళలో అదే దిగులు. అందుకే వాళ్ళ తొందర మనకు తొందరపాటుగా అనిపించదు.

సినిమా ముగించుకుని స్టీవెన్స్ కూడా సైన్యంలో చేరాడు. యుద్ధాన్ని చిత్రీకరించే బృందానికి నాయకుడయ్యాడు. 1945లో డాఖావ్ నిర్బంధ శిబిరంలో జరిగిన ఘోరాలను ఆ బృందం చిత్రించింది. వాళ్ళు తీసిన దృశ్యాలు నురెంబర్గ్ విచారణలో సాక్ష్యాలయ్యాయి. తిరిగి వచ్చాక ‘ఎ ప్లేస్ ఇన్ ద సన్’, ‘షేన్’, ‘ద డైరీ ఆఫ్ ఆన్ ఫ్రాంక్’ వంటి గంభీరమైన చిత్రాలు తీశాడు. ఇంత తేలికగా నవ్వించే సినిమా మాత్రం ఆయన చేతినుంచి మళ్ళీ రాలేదు.

శ్రోతలారా! అవకాశం దొరికితే ఈ చిత్రం చూడండి. ఇరుకు ఇంట్లో సర్దుకుని బతకడం మనకు కొత్త కాదు. ఆ సర్దుబాటులోంచే మనిషికి మనిషి దగ్గరవుతాడని ఈ కథ నవ్విస్తూనే చెబుతుంది.