రెండక్షరములతో మొదలైన లినక్స్

పాఠశాల గ్రంథాలయమునకు ఒక కంప్యూటరు ప్రోగ్రాము వ్రాయుమన్నచో విద్యార్థులు మొదట కావలసినవన్నియు ఒక కాగితముపై వ్రాసికొందురు: పుస్తకముల పట్టిక, సభ్యుల పట్టిక, గడువు దాటినవారి జరిమానా, సంవత్సరాంతపు లెక్క. కాగితము నిండునప్పటికి ధైర్యము సడలును. ఏ కొస పట్టుకొని లాగవలెనో తోచదు. పని మొత్తము మనస్సులో నిలిచినగాని మొదలిడరాదన్న భ్రమయే ఈ బెదురునకు మూలము. గొప్ప ప్రోగ్రాములన్నియు అట్లు పుట్టినవి కావు. లినక్స్ కథయే అందుకు తార్కాణము.

లినక్స్ అనునది ఆపరేటింగు సిస్టమునకు గుండెకాయ వంటి కెర్నెలు. ప్రాసెసరు కాలమును, మెమొరీని, డిస్కును వివిధ ప్రోగ్రాములకు తగవు రాకుండ పంచిపెట్టుట దాని పని. ఆండ్రాయిడ్ ఫోనులలో నున్నది ఇదియే. ప్రపంచములో మేటివని లెక్కించిన 500 సూపరు కంప్యూటరులన్నియు 2017 నుండి దీనితోనే నడచుచున్నవి.

1991 జనవరిలో హెల్సింకీ విశ్వవిద్యాలయ విద్యార్థి లైనస్ టోర్వాల్డ్స్ ఇంటెల్ 386 ప్రాసెసరు గల కంప్యూటరును కొనెను. అప్పటికతని వయస్సు 21 సంవత్సరములు. ఆండ్రూ టానెన్‌బామ్ అను ఆచార్యుడు బోధన కొరకు వ్రాసిన మినిక్స్ అను చిన్న ఆపరేటింగు సిస్టమును అందులో నెక్కించుకొనెను. తానొక ఆపరేటింగు సిస్టమును వ్రాయవలెనని అతడప్పుడు తలపెట్టలేదు. క్రొత్త ప్రాసెసరు ఎట్లు పనిచేయునో తెలిసికొనుటయే అతని కోరిక.

అందుకై అతడు వ్రాసిన ప్రోగ్రాములో రెండే పనులుండెను. ఒకటి తెరపై 'ఏ' అను ఇంగ్లీషు అక్షరమును, రెండవది 'బీ' అను అక్షరమును ముద్రించుచుండును. ప్రాసెసరు ఒక్కటే, పనులు రెండు. ఏకోపాధ్యాయ పాఠశాలలో ఒకే పంతులు రెండు తరగతులకు పాఠము చెప్పుట వంటిదే ఇది. గంట మ్రోగగానే పంతులు పాఠము ఎంతవరకు వచ్చినదో గుర్తు పెట్టి, రెండవ తరగతివైపు తిరిగి, అక్కడ తాను మునుపు విడిచిన చోటనే అందుకొనును. కంప్యూటరులో ఆ గంట కొట్టునది లోపలి గడియారము. అది తట్టినప్పుడెల్ల ప్రాసెసరు చేయుచున్న పనిని నిలిపి, తన రిజిస్టరులలోని అంకెలను మెమొరీలో దాచి, రెండవ పనికి చెందిన అంకెలను పైకి తెచ్చి సాగిపోవును. తెరపై కొన్ని 'ఏ'లు, ఆపై కొన్ని 'బీ'లు, మరల 'ఏ'లు కనిపించినచో ఈ మార్పిడి జరుగుచున్నదన్నమాట.

చూచువారికిది పిల్లలాటగా తోచును. కాని ఆపరేటింగు సిస్టములో మిక్కిలి సందేహాస్పదమైన భాగమిదియే. ఇది నడువనిచో తక్కినదెంత వ్రాసినను వ్యర్థము. మొదటి మెట్టు చిన్నదిగా నుండవలెననుట అందరు చెప్పుమాటయే. అది అనుమానమున్న చోటనే వేయవలెనన్నది పలువురు మరచుదురు. గ్రంథాలయపు ప్రోగ్రాములో రంగురంగుల తెర సులభము, కనుక పిల్లలు దానితో మొదలిడుదురు. ఒకే ఒక పుస్తకము పేరు తెలుగు లిపిలో వ్రాసి, డిస్కున దాచి, యంత్రమును ఆపి, మరునాడు తెరచినప్పుడు గుణింతము చెదరక తిరిగి వచ్చునో లేదో చూచుట అంతకన్న మేలు. వేయి పుస్తకములకైనను మార్గమదియే.

టోర్వాల్డ్స్ పిమ్మట ఆ రెండు పనులనే మార్చెను. ఒకటి టెలిఫోను తీగపై మోడెము ద్వారా వచ్చు అక్షరములను తెరపై చూపును. రెండవది కీబోర్డుపై కొట్టిన అక్షరములను మోడెమునకు పంపును. దీనితో ఇంటి నుండియే విశ్వవిద్యాలయపు కంప్యూటరును వాడుటకు వీలు కలిగెను. అక్కడి ఫైళ్లను తెచ్చి దాచుకొనవలెనన్న డిస్కును నడుపు ప్రోగ్రాము కావలసివచ్చెను. అది వ్రాసెను. దాచినవి మినిక్స్‌లో కనబడవలెనన్న మినిక్స్ పద్ధతిలోనే ఫైళ్లను అమర్చవలెను. అదియు వ్రాసెను. ఒక అక్కర మరియొక అక్కరను వెంట తెచ్చెను.

చేతికందినదానిని అతడు మరల తయారుచేయలేదు. కంపైలరును, బాష్ అను షెల్లును గ్నూ సంస్థవారు అదివరకే వ్రాసి యుండిరి, వానినే తీసికొనెను. కెర్నెలు ఏయే సేవలు చేయవలెననుటకు యూనిక్స్ నమూనా యుండనే యున్నది. 1991 ఆగస్టు 25న మినిక్స్ వాడువారికి తన పనిని తెలుపుచు, ఇది కాలక్షేపమునకు చేయుచున్నదనియు, పెద్దది కాబోదనియు వ్రాసెను. సెప్టెంబరులో వెలువడిన 0.01 కూర్పు సుమారు 10,000 పంక్తులు. దానిని కంపైలు చేయుటకు మినిక్సే దిక్కు. 1994 మార్చిలో 1.0 కూర్పు వచ్చునప్పటికి పంక్తులు 1,76,000 దాటెను. నేడవి 3 కోట్లకు మించినవి.

ఈ పద్ధతిలో నష్టము లేకపోలేదు. మొదటి కెర్నెలు 386 ప్రాసెసరును అంటిపెట్టుకొని వ్రాయబడినది. తరువాత ఆల్ఫా వంటి ఇతర ప్రాసెసరులపై నడుపవలసి వచ్చినప్పుడు ఒక్కొక్క యంత్రమునకు ప్రత్యేకమైన భాగమును, అన్నిటికి సమానమైన భాగమును వేరుచేసి చాల మేరకు తిరుగవ్రాయవలసి వచ్చెను. ఆల్ఫాపై కూడ నడచు 1.2 కూర్పు 1995 మార్చిలో వెలువడెను.