'బ్యాక్ అవుట్' : అర్థవివేచనము

ఆంగ్లభాషయందు క్రియకు ఒక చిన్న అవ్యయము చేరి, ఆ రెండింటి విడి యర్థములనుండి తేలికగా ఊహింపరాని క్రొత్త యర్థము నిచ్చు పదబంధములు పెక్కు కలవు. పరభాషీయులకు మిక్కిలి క్లేశము కలిగించు భాగ మిదియేయని సామ్యూల్ జాన్సన్ 1755లో ప్రకటించిన తన నిఘంటువు పీఠికలో గుర్తించెను. వీనికి 'ఫ్రేజల్ వెర్బ్' అను పేరును లోగన్ పియర్సల్ స్మిత్ 1925లో తన గ్రంథమున వాడి, అది హెన్రీ బ్రాడ్లీ సూచించినదని తెలిపెను. మే మీ వ్యాసమున దానిని పదబంధక్రియ యని వ్యవహరింతుము.

వెనుకకు మరలుటను తెలుపు పదబంధక్రియలలో 'బ్యాక్ అవుట్' అనుదానిని మాత్ర మిచ్చట పరిశీలింప దలచితిమి. దీనిని విద్యార్థులు తరచుగా 'వెనుకాడు', 'వెనుదీయు' అని తెనిగించుచుందురు. 'బ్యాక్' అను శబ్దమునకు 'వెనుక' సరిపోయినదను తృప్తియే దీనికి కారణము. కాని ఈ క్రియయొక్క జీవము 'బ్యాక్'లో కాక 'అవుట్'లో నున్నదని మా యభిప్రాయము.

మొదట భౌతికార్థమును చూతము. కొట్టములోనున్న మోటారుబండిని ముందునకు త్రిప్పకయే వెనుకకు నడిపి వెలికి దెచ్చుట 'బ్యాక్ అవుట్'. ఇందు రెండంశములు కలవు. చలనము వెనుకకు జరుగవలెను. చలించునది అంతకు ముందే ఒక యావరణము లోపల నుండవలెను. లోపల లేనిదానికి వెలుపలికి వచ్చుట పొసగదు.

లాక్షణికార్థమునందును ఈ రెండవ యంశము చెక్కుచెదరకున్నది. ఇచ్చట ఆవరణము ఒడంబడిక. సమ్మతించినవాడు దానిలో ప్రవేశించినవా డగును; పని నెరవేరకముందే స్వేచ్ఛచే దానినుండి మరలినచో 'బ్యాక్ అవుట్' చేసినవా డగును. కావున పూర్వసమ్మతి, కార్యము అసంపూర్ణముగా నుండుట, మరలుట తన యిచ్ఛవలన జరుగుట అను మూడును దీనికి ఆవశ్యకములు. ఇతరులచే తొలగింపబడినవానియెడ గాని, పని ముగించి వెడలినవానియెడ గాని ఈ క్రియ చెల్లదు.

ఒక యుదాహరణము. పొలము నమ్ముమని యొకడు అడుగగా యజమాని అవునన లేక, కాదన లేక తటపటాయించినచో అతడు వెనుకాడినాడని తెలుగువా రందురు. ఆ యజమానియే ధర నిశ్చయించి, బయానా పుచ్చుకొని, రిజిస్ట్రేషనునకు ముందు 'అమ్మ'నని చెప్పినచో అది 'బ్యాక్ అవుట్'. వెనుకాడుట గడప యీవలి సంశయము. 'బ్యాక్ అవుట్' గడప దాటి లోనికి బోయినవాని నిష్క్రమణము. ఒకదానికి మారుగా వేరొకదానిని వాడినచో పాఠకునకు బయానా సంగతియే తెలియకపోవును.

వాక్యనిర్మాణము ఈ యర్థభేదమును గుర్తించుటకు తోడ్పడును. నిరాకరణార్థమున ఈ క్రియ అకర్మకము. విడిచిన విషయమును తెలుపవలసినప్పుడు 'ఆఫ్' అను విభక్త్యర్థకావ్యయము చేరును: 'బ్యాక్డ్ అవుట్ ఆఫ్ ది అగ్రిమెంట్'. సూటిగా కర్మమును గ్రహించినచో అర్థము మారును. 'బ్యాక్ ది కార్ అవుట్' అన్నప్పుడు కారు కర్మము, అర్థము భౌతికము. నేటి కంప్యూటరు పరిభాషలో చేసిన మార్పును రద్దుచేసి పూర్వస్థితికి దెచ్చుటను చెప్పునప్పుడును ఇది సకర్మకమే. కనుక కర్మమున్నదా లేదా యని చూచుట విద్యార్థికి మొదటి పరీక్ష.

ఇక సన్నిహిత క్రియలను పోల్చి చూతము. 'బ్యాక్ డౌన్' అనునది వాదమునందు గాని పంతమునందు గాని ఎదుటివారి ప్రాబల్యమునకు తలయొగ్గి తగ్గుట. దీనికి పూర్వసమ్మతి యక్కరలేదు. 'పుల్ అవుట్' ఉన్నచోటినుండి వైదొలగుట, లేక ఉన్నదానిని వెలికి దీయుట. మాట తప్పినారను సూచన దీనికి సహజముగా లేదు. 2021 ఆగస్టులో అమెరికా సేనలు అఫ్‌గానిస్థానమునుండి మరలిన వృత్తాంతమునకు ఈ క్రియయే తగును. అచ్చట 'బ్యాక్ అవుట్' వాడినచో వార్త తీర్పుగా మారును. 'గో బ్యాక్ ఆన్' అనునది ఇచ్చిన మాటనే విషయముగా గ్రహించును. మన 'మాట తప్పు' దీనికి మిక్కిలి చేరువ.

తెలుగున సమానార్థకము నెన్నుకొనుటలో రెండు భాషల భావచిత్రములు వేరగుటను గమనింపవలెను. ఆంగ్లేయునకు ఒడంబడిక ఒక గృహమువంటిది. దానినుండి వెలికి వచ్చును. తెలుగువానికి మాట ఒక మార్గము, ఒక హద్దు. దానిని తప్పును, దాటును, మీరును. హరిశ్చంద్రుని కథ వినుచు పెరిగిన జాతికి 'మాట తప్పుట' కేవల నిష్క్రమణము గాదు, దోషము. 'బ్యాక్ అవుట్'నందు నింద లేకపోలేదు గాని అంత తీవ్రము గాదు. 'తప్పుకొను' అనుదానియందు ఆత్మార్థకమైన 'కొను' చేరి తీవ్రతను తగ్గించుచున్నది. కాని దారినుండి తప్పుకొన్నవానికిని ఈ మాటయే చెల్లును గనుక పూర్వసమ్మతి యిందు వ్యక్తము గాదు. ఆ లోపము తీరుటకు 'ఒప్పుకొని తప్పుకొను' అనుట ఉచితమని మేము తలచుచున్నాము.

శాసనవిషయక రచనలలో ఈ వివేచనము మరింత యవసరము. 1872 నాటి భారత ఒడంబడికల చట్టము 5వ సెక్షను ప్రకారము, అంగీకారమును తెలుపుట ప్రతిపాదకునియెడ పూర్తియగువరకు ప్రతిపాదనమును మరల్చుకొనవచ్చును, పిమ్మట వీలులేదు. మొదటిది ఉపసంహరణము. ఒడంబడిక ఏర్పడిన పిమ్మట న్యాయమైన హేతువు లేక నిరాకరించుట ఉల్లంఘనము. లోకవ్యవహారమున 'బ్యాక్ అవుట్' ఈ రెండింటికిని వర్తించును. అనువాదకుడు సందర్భము నెరుగక 'ఉల్లంఘించెను' అని వ్రాసినచో నిర్దోషిపై దోషము మోపినట్లగును. 'ఉపసంహరించుకొనెను' అని వ్రాసినచో నష్టపడినవాని హక్కును మరుగుపరచినట్లగును.

కావున ఈ క్రియను బోధించు నుపాధ్యాయుడు పర్యాయపదముల పట్టికతో తృప్తిపడరాదు. మరలినవాడు అంతకుముందు లోపల నుండెనా, ఏ మాటచే లోనికి బోయెను, ఎవరు వానిని నమ్మియుండిరి అను ప్రశ్నలను విద్యార్థిచే వేయింపవలెను. వానికి సమాధానము దొరకిన పిమ్మట తగిన తెలుగుమాట దొరకుట కష్టము గాదు.