పొగమంచు వల: పోగు సన్నబడితే నీరు పెరుగుతుంది

చిలీ ఉత్తర తీరంలోని చుంగుంగో జాలర్ల గ్రామంలో వానలు బహు తక్కువ. ఒకప్పుడు తాగునీరు ట్యాంకర్లలో రావలసిందే. 1992లో అక్కడి ఇళ్లకు కుళాయి నీరు అందింది. అది నది నీరు కాదు, బావి నీరూ కాదు. ఎల్ టోఫో కొండపై స్తంభాల నడుమ కట్టిన ప్లాస్టిక్ వలలు సముద్రం మీది నుంచి వీచే పొగమంచులో పట్టిన నీరు. సుమారు వంద వలలు రోజుకు సగటున 15 వేల లీటర్ల నీటిని ఇచ్చాయి. తూర్పు నేపాల్ కొండలలోనూ తరువాత ఇటువంటి వలలను నెలకొల్పారు.

వల జల్లెడ మాదిరి పనిచేస్తుందనుకోవడం సహజమే గాని, వాస్తవం వేరు. పొగమంచు తుంపర వ్యాసం సాధారణంగా 1 నుంచి 40 మైక్రాన్లు. మిల్లీమీటరులో వెయ్యో వంతు ఒక మైక్రాన్. వల కన్నులు అంతకంటె ఎన్నో రెట్లు పెద్దవి. గాలి పోగును సమీపించగానే రెండు పక్కలకు చీలి సాగిపోతుంది. వేగంగా వచ్చే తుంపర మాత్రం అంత త్వరగా మలుపు తిరగలేక పోగును ఢీకొని అంటుకుంటుంది. పోగు లావైతే గాలి ముందుగానే పక్కకు మళ్లుతుంది, తుంపరకు తప్పుకొనే వ్యవధి చిక్కుతుంది. సన్నని పోగు వద్ద ఆ వ్యవధి ఉండదు.

చిక్కిన నీరంతా తొట్టికి చేరుతుందన్న భరోసా లేదు. తుంపరలు కలిసి బొట్టుగా పెరిగి, బరువు చాలినప్పుడే కిందికి జారుతాయి. ఈలోగా బలమైన గాలి బొట్టును పోగు నుంచి ఊడబెరికి అవతలికి విసరివేయవచ్చు. జారని బొట్లు వల కన్నులను మూసివేస్తే గాలి వలను చుట్టి పోతుంది, తుంపరలూ దాని వెంటే పోతాయి.

అమెరికాలోని మసాచుసెట్స్ సాంకేతిక విద్యాసంస్థ పరిశోధకులు చిలీ నిపుణులతో కలిసి 2013లో ఈ అంశంపై ప్రయోగ ఫలితాలను వెల్లడించారు. తలవెంట్రుకకు మూడు నాలుగు రెట్ల మందం గల ఉక్కు తీగలతో వల అల్లి, బొట్టు తేలికగా జారే పూత పూస్తే, వాడుకలో ఉన్న ప్లాస్టిక్ వలకంటె సుమారు ఐదు రెట్ల నీరు లభించగలదని వారు తేల్చారు. ఇవి ప్రయోగశాల లెక్కలని గమనించాలి.

కొండ మీద లెక్క వేరు. అక్కడ ఈదురుగాలికి వల చిరుగుతుంది, తాళ్లు తెగుతాయి, గొట్టాలు పాడవుతాయి. మరమ్మతు చేసేవారుండాలి, అందుకు డబ్బు ఉండాలి. చుంగుంగోలో లోపించినది అదే. జనాభా పెరిగి అవసరం హెచ్చింది, నిర్వహణ కుంటుపడింది. కుళాయి వచ్చిన పదేళ్లకే వలలు మూలపడి, గ్రామం మళ్లీ ట్యాంకర్ల కోసం ఎదురుచూసింది.