తారు కన్నా ముందు... నేల!
అమెరికాలో సొంతిల్లంటే గ్యారేజీ ముందు కారు దారి బాగోగులూ మనవే. చాలాచోట్ల అది తారుదే. పైకి నల్లగా నిగనిగలాడితే చాలనుకుంటాం కానీ, దాని ఆయుష్షు తేలేది కింద నేలలోనే. మెత్తటి మట్టి తీసేసి, 4 నుంచి 8 అంగుళాల మందాన కంకర పరిచి రోలరుతో అణచాలి. ఆపైనే 2, 3 అంగుళాల తారు. అడుగుకి పావు అంగుళం చొప్పున వాలు ఇంటి నుంచి బయటికి ఉండాలి. లేదంటే నీరు కిందికి దిగి, చలికాలంలో గడ్డకట్టి, ఉబ్బి దారిని పగలగొడుతుంది.

తవ్వడానికి కొన్ని రోజుల ముందే 811కి ఫోన్ చేస్తే, భూమిలోని గ్యాస్, కరెంటు లైన్లకు ఉచితంగా గుర్తులు పెడతారు. 'పక్కవీధిలో తారు మిగిలింది, చవగ్గా వేస్తాం' అంటూ తలుపు తట్టేవారూ ఉంటారు. కంకర మందమెంతో కాగితం మీద రాసివ్వమనండి. మోసగాడైతే అక్కడే జారుకుంటాడు!