నీళ్లతో పాటు ఉప్పు, ఉప్పుతో పాటు చక్కెర

మే నెల ఎండలో పొద్దంతా పనిచేసినవాళ్లకు చెంబులకొద్దీ నీళ్లు తాగినా ఒక్కోసారి నీరసం తగ్గదు. చెమటలో నీటితో పాటు ఉప్పూ పోతుంది మరి. ఆ లోటు పూడకుండా వట్టి నీళ్లే లీటర్లకొద్దీ తాగితే రక్తంలో సోడియం ఇంకా పలచబడుతుంది. మరీ పడిపోతే తలనొప్పి, వాంతులు, మగత, చివరికి ఫిట్స్ కూడా రావచ్చు. మామూలు రోజుల్లో మన తిండిలోని ఉప్పే సరిపోతుంది. బాగా చెమట పోసిన రోజున ఉప్పేసిన మజ్జిగో గంజో తాగితే మంచిది. కొబ్బరినీళ్లలో పొటాషియం ఎక్కువ, సోడియం తక్కువ, వాటిని మాత్రమే నమ్ముకోకూడదు.

విరేచనాలు పట్టుకుంటే మాత్రం ఇవేవీ ఓఆర్ఎస్‌కు, అంటే కొలత ప్రకారం ఉప్పు, గ్లూకోజ్ కలిపిన నీళ్లకు సాటిరావు. పేగు గోడలో సోడియాన్ని, గ్లూకోజ్‌ను జతగా లోపలికి చేర్చే ప్రోటీన్ ఒకటుంది. అవి వెళ్తే నీరూ వాటి వెంటే వెళ్తుంది. కలరాలో సైతం ఈ ఏర్పాటు చెడిపోదు. ఓఆర్ఎస్‌లో గ్లూకోజ్ వేసేది ముఖ్యంగా ఇందుకే.

1971లో బంగ్లాదేశ్ యుద్ధం నుంచి పారిపోయి వచ్చినవాళ్ల శిబిరాల్లో కలరా చెలరేగింది. బెంగాల్‌లోని బన్‌గావ్‌లో సెలైన్ సీసాలు చాలక డాక్టర్ దిలీప్ మహలనబిస్ ఉప్పు, గ్లూకోజ్, వంటసోడా కలిపిన ఓఆర్ఎస్ నీళ్లను డ్రమ్ముల్లో పోయించి, రోగుల బంధువుల చేతే తాగించారు. అంతకుముందు నూటికి ముప్ఫై దాకా ఉన్న మరణాలు నాలుగు లోపుకు దిగాయి. ఆయన చనిపోయాక, 2023లో పద్మవిభూషణ్ ఇచ్చారు. బతికుండగా ఇవ్వాల్సింది.

ఓఆర్ఎస్ ప్రాణమంతా కొలతలోనే ఉంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2002 నుంచి చెబుతున్న లెక్క ప్రకారం లీటరు నీటికి గ్లూకోజ్ 13.5 గ్రాములు, ఉప్పు 2.6, పొటాషియం క్లోరైడ్ 1.5, సోడియం సిట్రేట్ 2.9. చక్కెర ఎక్కువైతే ఒంట్లోని నీరే పేగులోకి వచ్చి విరేచనాలు పెరుగుతాయి. కూల్‌డ్రింకులు వద్దనేది అందుకే. పేరులో ఓఆర్ఎస్ పెట్టుకున్న తియ్యటి పానీయాల మీద హైదరాబాద్ పిల్లల డాక్టరు శివరంజని సంతోష్ ఏళ్లతరబడి పోరాడారు. సరైన కొలత లేని పానీయాలకు ఆ పేరు వాడొద్దని 2025 అక్టోబరులో కేంద్ర ఆహార భద్రతా సంస్థ ఆదేశించింది. కొనేటప్పుడు ప్యాకెట్ వెనక ప్రపంచ ఆరోగ్య సంస్థ ఫార్ములా ఉందో లేదో చూడండి.

పెద్ద ప్యాకెట్ మొత్తాన్నీ ఒకేసారి లీటరు మంచినీళ్లలో కలపాలి. సగం పొడి, సగం నీళ్లు అంటే కొలత తప్పుతుంది. కలిపింది 24 గంటల్లో వాడేయాలి. ప్యాకెట్ దొరక్కపోతే కాచి చల్లార్చిన లీటరు నీటిలో ఆరు టీస్పూన్ల చక్కెర, అర టీస్పూను ఉప్పు, రెండూ తలకొట్టి కొలిచి వేయండి. పసిపిల్లలకు చెంచాతో కొంచెం కొంచెంగా పట్టాలి. వాంతి చేసుకుంటే పది నిమిషాలాగి మళ్లీ మొదలుపెట్టాలి. తల్లిపాలు ఆపకూడదు. బీపీ, గుండె, కిడ్నీ జబ్బులున్నవాళ్లు ఉప్పు నీళ్లు తాగేముందు డాక్టరును అడగాలి. బిడ్డ కళ్లు లోతుకుపోయినా, ఏడిస్తే కన్నీళ్లు రాకపోయినా, తాగలేక మగతగా పడి ఉన్నా ఇంట్లో ఆలస్యం చేయకుండా ఆసుపత్రికి తీసుకెళ్లండి. దారిలో కూడా తాగగలిగినంత పడుతూనే ఉండండి.