జీవి అనగా నేమి?

మన గోదావరి డెల్టాలో పండిన రెండు ధాన్యపు గింజలను అరచేతిలో ఉంచుకొనండి. ఒకటి విత్తనపు వడ్లలోనిది. రెండవది ఉప్పుడు బియ్యం కొరకు మిల్లులో ఉడికించి ఆరబెట్టినది. రెంటికీ పొట్టు ఉన్నది. రెంటిలోనూ పిండిపదార్థం ఉన్నది. కాని నానబెట్టి మండె కడితే మొదటిది మొలకెత్తుతుంది, రెండవది కుళ్ళిపోతుంది. మొదటి దానిలో ఉండి రెండవ దానిలో లేనిదేమి?

చలనమే జీవలక్షణమందామా? గోదావరి అహర్నిశలూ ప్రవహిస్తున్నది. అది జీవి కాదు. పెరుగుదల అందామా? ఉప్పుమళ్ళలో స్ఫటికాలూ పెరుగుతాయి. సంతానోత్పత్తి అందామా? కంచరగాడిదకు సాధారణంగా సంతానం కలుగదు. అయినను అది జీవియే.

మండె కట్టిన గోనెసంచిలో చేయి పెట్టిన రైతుకు సమాధానం స్పర్శకే తెలుస్తుంది. సంచి వెచ్చగా ఉంటుంది. నీరు సోకగానే గింజలో శ్వాసక్రియ హెచ్చి, నిలువ ఉన్న ఆహారం నుండి శక్తి వెలువడుతున్నది. ఆ వెచ్చదనం దాని ఫలితమే.

ఈ శక్తి వ్యవహారంలో నాణెం వంటి పదార్థమొకటి కలదు. దాని పేరు ఎడినోసిన్ ట్రైఫాస్ఫేట్, క్లుప్తంగా ఎ.టి.పి. 1895లో భీమవరంలో జన్మించి, రాజమండ్రిలో విద్యనభ్యసించిన ఎల్లాప్రగడ సుబ్బారావుగారు హార్వర్డులో ఫిస్కేతో కలసి 1929లో దీనిని కండరాలలో కనుగొన్నారు. అదే సంవత్సరం జర్మనీలో లోమాన్ కూడ విడిగా కనుగొన్నారు. మన దేహంలో ఇది ఏ క్షణాన చూచినా స్వల్పమే. వ్యయమైనదానిని కణాలు ఎప్పటికప్పుడు తిరిగి సంపాదించుకొంటాయి. మరణానంతరం ఇది తరిగిపోవడం చేతనే కండరాలు బిగుసుకొనిపోతాయి.

కనుక ప్రాణమనేది గింజలో దాగిన ఒక ద్రవ్యం కాదు. శక్తిని సంపాదించి, వ్యయించి, తన్ను తాను నిలుపుకొనే క్రమబద్ధమైన ఏర్పాటు. ఉడికించిన గింజలో పిండి మిగిలినది. ఎంజైములు, కణత్వచాలు చెడిపోయి ఏర్పాటు నశించినది. ఎండిన విత్తనంలో పని దాదాపు నిలిచినది. ఏర్పాటు మాత్రం చెక్కుచెదరలేదు. వైరస్‌కు వంశపారంపర్య సమాచారం ఉన్నది, సొంత సంపాదన లేదు. అందుచేతనే దానిని జీవి అనవచ్చునా అనే చర్చ నేటికీ తెగలేదు.

విత్తనపు వడ్లను బాగా ఎండబెట్టి దాచడంలోని మర్మమిదే. తేమ తగిలిన విత్తనం బస్తాలోనే తన ధనాన్ని ఖర్చుచేసికొని, నారుపోసే వేళకు దివాలా తీస్తుంది. ఉడికిన గింజకు ప్రాణం పోసే విద్య మనకింకా పట్టుబడలేదు. ఉన్న ప్రాణాన్ని కాపాడుకొనుట మాత్రం మన చేతిలోనే ఉన్నది.