కడీ నిటారుగా నిలవాలంటే

నిజాంపేటలో అపార్ట్‌మెంట్ల నడుమ మిగిలిన ఖాళీ ప్లాట్లకు రాతి కడీలు, ముళ్లతీగే కాపలా. రెండు వానాకాలాలు తిరిగేసరికి కొన్ని కడీలు ఒరుగుతాయి. తప్పు రాయిది కాదు. ఇక్కడి గ్రానైటు వయసు దాదాపు 250 కోట్ల ఏళ్లు. తప్పంతా గుంతలో ఉంటుంది.

ముందు రెండు చివరల కడీలు పాతి, వాటి మధ్య దారం బిగించాలి. ఎంత లాగినా దారం నడుమ కాస్త కిందికి దిగుతుంది గానీ, గాలి లేకపోతే పక్కకు వంగదు. దాని బరువు కిందికే లాగుతుంది మరి. మధ్య కడీలకూ దారానికీ వేలెడు ఎడం ఉంచాలి. ఉబ్బుగా ఉన్న ఒక్క రాయి తగిలినా దారం జరిగి, తర్వాతి కడీలన్నీ వంకరపోతాయి.

నిలువు చూసేది తూకం గుండు. ముందు నుంచి ఒకసారి, పక్క నుంచి ఒకసారి పట్టాలి. చీల్చిన రాయి అంచు నమ్మదగింది కాదు, నడిమి గీతనే చూడాలి. గుండు ఊగుతుంటే బకెట్ నీళ్లలో ముంచితే త్వరగా నిలుస్తుంది.

గుండు చూపేది భూమ్యాకర్షణ దిశ. పెద్ద కొండ ఉంటే అదీ తనవైపు లాగుతుంది. 19వ శతాబ్దపు భారత సర్వేలో కల్యాణ, కల్యాణ్‌పూర్‌ల అక్షాంశాల తేడాను నేల కొలతతో ఒకసారి, గుండు చూపే నిలువు ఆధారంగా నక్షత్రాలతో ఒకసారి లెక్కగడితే రెంటికీ 5.24 సెకన్ల కోణం తేడా వచ్చింది. హిమాలయాల లాగుడుకు దాదాపు 15.9 సెకన్లు రావాలని 1855లో జాన్ ప్రాట్ లెక్క తేల్చాడు. మరి తక్కువెందుకు వచ్చింది? కొండల కింద తేలికైన రాయి లోతుగా దిగి ఉందని జార్జ్ ఎయిరీ అదే ఏడు వివరించాడు. ఒక గుండు ఒరుగు భూగర్భం లోపలికి దారి చూపడం నాకు ఎప్పటికీ అబ్బురమే. మన కడీకి మాత్రం ఆ బెంగ లేదు. రెండు మీటర్ల ఎత్తున 5 సెకన్లంటే మిల్లీమీటరులో ఇరవయ్యో వంతు.

అసలు పరీక్ష తీగ బిగించాక మొదలవుతుంది. మధ్య కడీని తీగ రెండువైపులా సమానంగా లాగుతుంది, చివరి కడీని ఒకవైపే లాగుతుంది. మీటరున్నర ఎత్తున పడే ఆ లాగుడును నేలలోని అరమీటరు రాయి ఆపాలి. అందుకే తీగ వైపున ఏటవాలుగా సపోర్టు కడీ పెడతారు.

గుంతను మన్నుతో ఒకేసారి నింపి పైన తొక్కితే లోపల ఖాళీలు మిగులుతాయి. వాన నీరు చేరగానే మన్ను కుంగుతుంది. జానెడు మందాన మొరం పోసి, కొద్దిగా తడిపి, దిమ్మిసతో కొట్టి, ప్రతి పొరకూ గుండు పట్టాలి. తీగ బిగించే ముందు చివరి కడీలను మరొక్కసారి చూసుకోండి. తర్వాత సరిచేయాలంటే తీగంతా విప్పాల్సిందే.